‘ఫైల్ వేరేవాళ్లు వాడుతున్నారు’ అంటుందా? ఆఫీసు నెట్‌వర్క్‌లో యాక్సెస్ డేటాబేస్ మొరాయిస్తే చేయాల్సిన పని

జూన్ నెల. స్కూళ్లు తెరిచిన వారం. ఫీజు కౌంటర్ ముందు తల్లిదండ్రులు లైన్ కట్టి నిలబడ్డారు. లోపల మూడు కంప్యూటర్లు. క్లర్క్ ఫీజుల ఫైల్ మీద క్లిక్ చేస్తే తెరుచుకోదు. ‘ఈ ఫైల్ ఇప్పటికే వాడుకలో ఉంది’ అని ఒక చిన్న పెట్టె వస్తుంది. పక్క టేబుల్ ఆయన్ని అడిగితే ‘నేను ముట్టుకోలేదు భాయ్’ అంటాడు. ప్రిన్సిపాల్ గదిలో కంప్యూటర్ ఆన్‌లో ఉంది, మనిషి లేడు. ఎవరో ఒకరు వచ్చి అన్నీ ఆపేసి మళ్లీ ఆన్ చేయమంటారు. ఫైల్ తెరుచుకుంటుంది. కానీ నిన్న సాయంత్రం కట్టిన రెండు రసీదులు కనిపించవు.

ఇది ఏదో ఒక్క స్కూల్లో జరిగేది కాదు. క్లినిక్‌లో పేషెంట్ల రికార్డులు, హోల్‌సేల్ షాపులో బాకీల హిసాబ్, ట్రావెల్స్ ఆఫీసులో పాస్‌పోర్ట్ వివరాలు, హాస్టల్ పిల్లల లిస్టు... పదిహేనేళ్ల కింద ఎవరో చుట్టాల అబ్బాయి మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చేసిచ్చిన సాఫ్ట్‌వేర్ మీద నేటికీ నడుస్తున్న చిన్న ఆఫీసులు చాలానే ఉన్నాయి. చేసిన అబ్బాయి ఇప్పుడు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. ఫైల్ మాత్రం ఇక్కడే, ఒక కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉండి అందరికీ పని చేస్తూ ఉంటుంది. అది మొరాయించిన రోజు డబ్బు లెక్క ఆగిపోతుంది, ఒక్కోసారి పోతుంది కూడా.

దీని లోపల ఏం జరుగుతోందో కాస్త తెలిస్తే సగం నష్టం తప్పించుకోవచ్చు.

యాక్సెస్ 1992లో వచ్చింది. బ్యాంకులు వాడే పెద్ద డేటాబేస్‌లకూ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. బ్యాంకులో ఒక సర్వర్ ప్రోగ్రాం ఉంటుంది. అందరూ దాన్ని అడుగుతారు, రాసేది అదొక్కటే. యాక్సెస్‌లో అలా మధ్యలో కూర్చున్న మనిషి లేడు. ఫైల్ ఉన్న కంప్యూటర్ ఒక బీరువా లాంటిది, అంతే. మూడు కంప్యూటర్లలో పని చేస్తున్న ముగ్గురూ నెట్‌వర్క్ మీదుగా చెయ్యి చాపి అదే పుస్తకంలో నేరుగా రాస్తున్నట్టు లెక్క. ఒకరు సగం లైను రాస్తుండగా కరెంటు పోయినా, వైఫై తెగినా, ఆ సగం లైను అలాగే ఉండిపోతుంది. ఫైల్ పాడవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఒకరి మీద ఒకరు రాసుకోకుండా యాక్సెస్ ఒక ఏర్పాటు చేసుకుంది. మొదటి మనిషి ఫైల్ తెరవగానే అదే ఫోల్డర్‌లో, అదే పేరుతో, తాళం గుర్తున్న ఒక చిన్న ఫైల్ పుడుతుంది. 2003 వరకు వచ్చిన పాత యాక్సెస్‌లో దాని పేరు చివర ‘ఎల్‌డీబీ’ అని, 2007 నుంచి ‘ఎల్‌ఏసీసీడీబీ’ అని ఉంటుంది. దీన్నే లాక్ ఫైల్ అంటారు. ఎవరెవరు లోపల ఉన్నారో, ఎవరు ఏ భాగాన్ని పట్టుకున్నారో దీని ద్వారానే తెలుస్తుంది. చివరి మనిషి బయటికి వెళ్లగానే అది తనంతట తానే మాయమవ్వాలి.

ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ చిన్న ఫైల్ దగ్గరే మొదలవుతాయి. అందరూ మూసేశామంటారు, లాక్ ఫైల్ మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. దానికి మామూలుగా మూడు కారణాలుంటాయి. నిజంగానే ఎవరిదో ఒక కంప్యూటర్‌లో ఫైల్ తెరిచి ఉండొచ్చు, పైన విండో కనిపించకపోయినా లోపల యాక్సెస్ నడుస్తూ ఉండొచ్చు. లేదా ఎవరిదో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయి ఉండొచ్చు, అప్పుడు వెళ్తూ తాళం తీసే అవకాశం దానికి దొరకలేదు. మూడోది చాలామంది ఊహించనిది: ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు తీసేసే హక్కు ఆ యూజర్‌కు ఇవ్వలేదు. ‘స్టాఫ్ పొరపాటున డిలీట్ చేస్తారేమో’ అని మేనేజ్‌మెంట్ జాగ్రత్తపడి ఆ హక్కు తీసేస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ లాక్ ఫైల్‌ను పుట్టించాలన్నా, చెరపాలన్నా వాడేవాళ్లందరికీ ఆ ఫోల్డర్ మీద చదవడం, రాయడం, కొత్త ఫైల్ సృష్టించడం, తీసేయడం అనే నాలుగు హక్కులూ ఉండాలి. జాగ్రత్త కోసం వేరే దారి ఉంది, బ్యాకప్ దగ్గర ఆ మాట వస్తుంది.

లోపల ఎవరున్నారో కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. ఫైల్ ఉన్న కంప్యూటర్ దగ్గర కూర్చుని, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘కంప్యూటర్ మేనేజ్‌మెంట్’ తెరవండి. అందులో ‘షేర్డ్ ఫోల్డర్స్’, దాని కింద ‘ఓపెన్ ఫైల్స్’ ఉంటుంది. ఏ ఫైల్‌ను ఏ యూజర్ పట్టుకున్నాడో అక్కడ కనిపిస్తుంది. కొందరు లాక్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి కంప్యూటర్ పేర్లు చూస్తారు. అదీ పనికొస్తుంది గానీ పూర్తిగా నమ్మొద్దు. వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా అందులో కొంతసేపు చెరగకుండా ఉంటాయి. ఆ పేరు పట్టుకుని ‘నువ్వే తెరిచి పెట్టావు’ అని ఎవరితోనైనా గొడవ పడితే అన్యాయమైపోతుంది.

‘ఓపెన్ ఫైల్స్’లో ఎవరూ లేరని తేలాకే లాక్ ఫైల్‌ను చేత్తో తీసేయొచ్చు. విండోస్ తీయనివ్వకపోతే ఇంకా ఎవరో లోపల ఉన్నట్టే, బలవంతం వద్దు. అదే చోట నుంచి ఎవరి కనెక్షన్‌నైనా తెంచేసే వీలు కూడా ఉంది. అది ఆఖరి మార్గం. ఆ మనిషి సరిగ్గా అప్పుడే రసీదు రాస్తుంటే, ఫైల్‌ను మనమే చెడగొట్టినట్టు.

ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. ఎవరి కంప్యూటర్‌లోనైనా యాక్సెస్ ఆప్షన్స్‌లో ‘క్లయింట్ సెట్టింగ్స్’ కింద డిఫాల్ట్ ఓపెన్ మోడ్ ‘ఎక్స్‌క్లూజివ్’ అని ఉంటే, ఆ మనిషి పొద్దున్నే మొదట వచ్చిన రోజు మిగతావాళ్లెవరికీ ఫైల్ తెరుచుకోదు. ఆలస్యంగా వచ్చిన రోజు ఆయనకు తెరుచుకోదు. ‘ఒక్కోరోజు వస్తుంది, ఒక్కోరోజు రాదు’ అని తల పట్టుకునే ఆఫీసుల్లో ముందు దీన్ని చూడాలి. అక్కడ ‘షేర్డ్’ అని ఉండాలి.

ఇక అసలు మెయింటెనెన్స్ సంగతి. యాక్సెస్‌లో ఒక రికార్డు తీసేస్తే దాని చోటు వెంటనే ఖాళీ కాదు. పుస్తకంలో గీత కొట్టేసిన పేజీలా అది అలాగే ఉంటుంది. ఫైల్ పెరుగుతూనే పోతుంది. ఎంత పెరిగినా 2 జీబీ దాటకూడదు, అది యాక్సెస్ హద్దు. ఆ హద్దు దగ్గరికొచ్చేసరికి కొత్త ఎంట్రీలు పడవు, వింత ఎర్రర్లు వస్తాయి. ఈ గీత కొట్టిన పేజీలన్నీ తీసేసి పుస్తకాన్ని మళ్లీ శుభ్రంగా కుట్టే పని పేరు ‘కాంపాక్ట్ అండ్ రిపేర్’.

ఇక్కడే పెద్ద ప్రమాదాలు జరుగుతాయి. బటన్ నొక్కితే ఉన్న ఫైల్‌నే సర్దుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. యాక్సెస్ ఒక కొత్త ఫైల్ పుట్టించి, పాత దానిలోంచి ఒక్కొక్కటి అందులోకి రాస్తుంది. అంతా అయ్యాక పాతదాన్ని తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే ఈ రాకపోకలన్నీ వైరు మీదుగానో వైఫై మీదుగానో జరగాలి. మధ్యలో ఒక్కసారి తెగినా పని సగంలో ఆగుతుంది. తీసేసే హక్కు లేని ఫోల్డర్ అయితే పాతది పోదు, కొత్తదానికి పేరు మారదు. ఫోల్డర్‌లో ‘డేటాబేస్1’ లాంటి పేరుతో ఒక అనాథ ఫైల్ మిగులుతుంది. దాన్ని చూసి ‘ఇదేంటో’ అని ఎవరో చెరిపేస్తారు. ఒక్కోసారి మంచి కాపీ అదే అయి ఉంటుంది. అలాంటి ఫైల్ కనిపిస్తే, తేదీ, సైజు చూసి, లోపల తెరిచి చూసి, ఆ తర్వాతే దాని సంగతి తేల్చాలి.

అందుకని కాంపాక్ట్‌ను నెట్‌వర్క్ మీద చేయకపోవడమే మేలు. చేయాల్సిన తీరు ఇది. ఆఫీసు అయిపోయాక, అందరూ బయటికొచ్చాక, లాక్ ఫైల్ పోయిందో లేదో చూసుకోవాలి. తర్వాత నెట్‌వర్క్‌లోని ఫైల్ పేరు మార్చేయాలి, చివర ‘పాతది’ అని కలిపినా చాలు. ఎందుకంటే, మీరు ఇక్కడ రిపేర్ చేస్తుండగా పక్క గదిలో ఎవరైనా ‘ఒక్క రసీదే కదా’ అని తెరిచి ఎంట్రీ వేస్తే, ఆ ఎంట్రీ రేపటి ఫైల్‌లో ఉండదు. మొదట్లో చెప్పుకున్న కనిపించని రసీదులు ఇలా కూడా పోతుంటాయి. పేరు మారిస్తే ఆ దారి మూసుకుంటుంది. ఇప్పుడు ఆ ఫైల్‌ను మీ కంప్యూటర్‌లోని సొంత డిస్క్‌కు కాపీ చేసుకోండి. ఆ కాపీకి మళ్లీ ఇంకో కాపీ తీసి తేదీ పేరుతో పక్కన పెట్టండి. దాన్ని ముట్టుకోవద్దు. మొదటి కాపీని తెరిచి ‘డేటాబేస్ టూల్స్’లోంచి కాంపాక్ట్ అండ్ రిపేర్ నడపండి. డిస్క్‌లో కనీసం ఆ ఫైల్ అంత ఖాళీ అయినా ఉండాలని మర్చిపోవద్దు.

అయిపోయింది కదా అని వెంటనే తీసుకెళ్లి పెట్టేయకూడదు. లోపల టేబుళ్ల లిస్టులో ‘ఎంసిస్‌కాంపాక్ట్‌ఎర్రర్స్’ అనే కొత్త టేబుల్ ఏదైనా వచ్చిందా చూడాలి. వచ్చిందంటే రిపేర్ చేసేటప్పుడు యాక్సెస్‌కు ఏదో సరిపడలేదని అర్థం, ఏ టేబుల్‌లో ఏమైందో అందులో రాసి ఉంటుంది. రిపేర్ అంటే పోయినవన్నీ తిరిగి తెచ్చేదని అనుకోవడం పొరపాటు. చదవలేని రికార్డులను అది వదిలేసి పోవచ్చు. టేబుళ్ల మధ్య ఉన్న సంబంధాలు, రసీదు నంబరు రెండుసార్లు రాకుండా కాపాడే ఇండెక్స్ కూడా ఊడిపోవచ్చు. అందుకే రిపేర్‌కు ముందు మొత్తం రికార్డులు ఎన్ని, చివరి రసీదు నంబరు ఎంత, ఈ నెల వసూలు మొత్తం ఎంత అని మూడు లెక్కలు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత అవే మూడు సరిచూసుకోవాలి. రెండు నిమిషాల పని. ఇది చేయనివాళ్లకు పోయిన రికార్డుల సంగతి మార్చిలో, పరీక్షల ముందు ‘నో డ్యూస్’ ఇచ్చేటప్పుడు తెలుస్తుంది. ‘మేం కట్టాం’ అని తల్లి రసీదు చూపిస్తుంది, కంప్యూటర్ కట్టలేదంటుంది. రసీదు కాగితం దాచుకోని తల్లి సంగతేంటి?

అన్నీ సరిపోతే కొత్త ఫైల్‌ను అసలు పేరుతో నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టండి. పాతదాన్ని ఒక వారం రోజులు పక్కన ఉంచండి.

ఒక రికార్డులో ‘డిలీటెడ్’ అని పదేపదే కనిపించినా, పేరు ఉండాల్సిన చోట చైనా అక్షరాల్లాంటివి వచ్చినా ఆ రికార్డు దెబ్బతిన్నట్టే. అలాంటప్పుడు ఒక కొత్త ఖాళీ డేటాబేస్ తెరిచి, ‘ఎక్స్‌టర్నల్ డేటా’ ద్వారా పాత ఫైల్‌లోని టేబుళ్లను ఒక్కొక్కటిగా దిగుమతి చేసుకోవాలి. మొరాయించే టేబుల్ ఒక్కటే ఉంటే, చెడిన రికార్డుకు ముందున్నవి, వెనకున్నవి విడివిడిగా తెచ్చుకోవాలి. మధ్యలోని ఆ ఒకటి రెండు రసీదు పుస్తకం చూసి చేత్తో ఎక్కించాలి. కాగితం రసీదు పుస్తకాల విలువ అప్పుడు తెలుస్తుంది.

2018 తర్వాత చాలా ఆఫీసుల్ని ఏడిపించిన సమస్య మరొకటి ఉంది. ఫైల్ నిక్షేపంగా ఉన్నా, తెరవగానే ‘డేటాబేస్ ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్‌లో ఉంది’ అంటుంది. రిపేర్ చేస్తే తెరుచుకుంటుంది, రెండు రోజుల్లో మళ్లీ అదే పాట. విండోస్ 10 కొత్త వర్షన్లతో ఇది మొదలైంది. షేర్డ్ ఫైల్ త్వరగా తెరుచుకోవడానికి విండోస్ ‘లీజింగ్’ అనే పద్ధతి వాడుతుంది. అంటే ఫైల్‌లో కొంత భాగాన్ని వాడేవాళ్ల కంప్యూటర్ తన జ్ఞాపకంలో పెట్టుకుని, మార్పుల్ని కాసేపాగి పంపుతుంది. వర్డ్ ఫైల్‌కు ఇది బాగానే ఉంటుంది. నలుగురు ఒకేసారి రాసే యాక్సెస్ ఫైల్‌కు మాత్రం ఇబ్బంది తెచ్చింది. మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పిన ఉపాయం, ఫైల్ ఉన్న కంప్యూటర్ రిజిస్ట్రీలో ‘ల్యాన్‌మ్యాన్‌సర్వర్’ పారామీటర్ల కింద ‘డిజేబుల్‌లీజింగ్’ అనే విలువను 1గా పెట్టడం. గుర్తుంచుకోండి, ఇది ఫైల్ దాచిన కంప్యూటర్‌లో చేయాలి, వాడేవాళ్ల కంప్యూటర్లలో కాదు. ముందుగా విండోస్, ఆఫీస్ అప్‌డేట్లన్నీ వేసి చూడండి. ఆ తర్వాత కూడా తగ్గకపోతేనే రిజిస్ట్రీ జోలికి వెళ్లాలి. అదీ తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే.

ఇంత దూరం రాకముందే చాలా సమస్యలు ఆఫీసులోని వైర్ల దగ్గరే తీరిపోతాయి. ఎంట్రీ వేసే కంప్యూటర్లను వైఫై మీద కాకుండా వైరుతో కలపాలి. ఫైల్ ఉన్న కంప్యూటర్ మధ్యాహ్నం నమాజ్‌కో భోజనానికో వెళ్లినప్పుడు ‘స్లీప్’లోకి పోకుండా పవర్ సెట్టింగుల్లో ఆపేయాలి. అది నిద్రపోతే మిగతావాళ్ల చేతిలో పుస్తకం లాగేసినట్టే. యూపీఎస్ కంప్యూటర్లకు పెట్టి, నెట్‌వర్క్ స్విచ్‌కు పెట్టడం మర్చిపోయే ఆఫీసులు బోలెడు. కరెంటు పోగానే కంప్యూటర్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, మధ్యలో ఉన్న ఆ చిన్న డబ్బా ఆరిపోతుంది. ఫైల్‌కు జరిగే నష్టంలో తేడా ఏమీ ఉండదు.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఫోల్డర్లలో పెట్టి నలుగురు వాడటం ఇంకా ప్రమాదం. అవి ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఒక్కో కాపీ పెడతాయి. యాక్సెస్ తాళం ఒకరిది మరొకరికి కనిపించదు. సాయంత్రానికి రెండు వేర్వేరు ఫైళ్లు తయారవుతాయి, వాటిలో ఏది అసలుదో చెప్పే నాథుడుండడు. ఫైల్ మూసేశాక బ్యాకప్ కాపీ అక్కడికి పంపడం మాత్రం మంచిదే.

అసలైన మందు ఫైల్‌ను రెండుగా విడగొట్టడం. డేటా ఉన్న టేబుళ్లు ఒక ఫైల్‌లో, ఫారాలు, రిపోర్టులు, బటన్లు మరో ఫైల్‌లో. మొదటిది నెట్‌వర్క్‌లో ఒక్కటే ఉంటుంది, రెండోది ప్రతి కంప్యూటర్‌లో ఒక్కో కాపీ. యాక్సెస్‌లోనే, ‘డేటాబేస్ టూల్స్’ కింద ‘మూవ్ డేటా’ దగ్గర ‘యాక్సెస్ డేటాబేస్’ అనే బటన్ ఈ పని చేసిపెడుతుంది. బ్యాకప్ తీసుకున్నాకే నొక్కాలి. అందరూ ఒకే ఫైల్‌ను తెరిచి వాడుతుంటే ఒకరు రిపోర్టు డిజైన్ మార్చబోయినా ‘ఎక్స్‌క్లూజివ్ హక్కు లేదు’ అని వస్తుంది, ఒకరి ఫారం చెడితే అందరి డేటా ప్రమాదంలో పడుతుంది. విడగొట్టాక ఒకరి ఫైల్ చెడినా దాన్ని పారేసి కొత్త కాపీ పెడితే సరిపోతుంది. డేటా క్షేమం. డేటా ఫైల్‌ను కలిపేటప్పుడు ‘జెడ్ డ్రైవ్’ లాంటి అక్షరాలతో కాకుండా కంప్యూటర్ పేరు, ఫోల్డర్ పేరుతో ఉండే పూర్తి నెట్‌వర్క్ దారితో కలపండి. ఒక్కో కంప్యూటర్‌లో డ్రైవ్ అక్షరం ఒక్కోలా ఉంటే లింకులు తెగి ‘ఫైల్ దొరకలేదు’ అంటుంది.

పిల్లల ఫొటోలను టేబుల్‌లోనే దాచే అలవాటున్న స్కూళ్లు ఒక్కసారి ఫైల్ సైజు చూసుకోవడం మంచిది. 2 జీబీ హద్దుకు తొందరగా చేర్చేవి అవే. ఫొటోలు వేరే ఫోల్డర్‌లో పెట్టి, టేబుల్‌లో వాటి దారి మాత్రం రాస్తే చాలు.

బ్యాకప్ మాటకొస్తే, తీసేసే హక్కు స్టాఫ్‌కు ఇవ్వక తప్పదు కాబట్టి, కాపీలు స్టాఫ్ చెయ్యి పడని చోట ఉండాలి. రోజూ సాయంత్రం లాక్ ఫైల్ పోయాక తేదీ పేరుతో ఒక కాపీ. వారానికోసారి ఆఫీసు బయటికి వెళ్లే పెన్‌డ్రైవ్‌లోనో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనో ఒక కాపీ. ఫైల్ తెరిచి ఉండగా తీసిన కాపీలో సగం రాసిన ఎంట్రీలు ఉండొచ్చు, అది అవసరానికి తెరుచుకోకపోవచ్చు. నెలకోసారి ఏదో ఒక బ్యాకప్ తెరిచి చూస్తేనే అది నిజంగా పనికొస్తుందో లేదో తెలుస్తుంది.

దుబాయ్‌లోనో జెడ్డాలోనో కూర్చుని ఇంటి దుకాణం లెక్కలు చూసే కొడుకులు, మేనల్లుళ్లు ఉన్నారు. వీపీఎన్ పెట్టుకుని అక్కడి నుంచి ఇక్కడి యాక్సెస్ ఫైల్‌ను నేరుగా తెరవడం వాళ్లు మానుకోవాలి. అంత దూరం లైను ఒక్క క్షణం తెగినా ఇక్కడి ఫైల్ చెడుతుంది. దానికి బదులు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా షాపులోని కంప్యూటర్‌లోకి వచ్చి, ఆ కంప్యూటర్ మీదే పని చేయాలి. లైను తెగినా ఫైల్ అక్కడే, తెరిచింది తెరిచినట్టే ఉంటుంది. మళ్లీ కలిపి కొనసాగించొచ్చు.

యాక్సెస్ ఒకేసారి 255 మందిని లోపలికి రానిస్తుందని మైక్రోసాఫ్ట్ లెక్క. కాగితం మీద మాటే అది. రాసేవాళ్లు ఇరవై దాటితే ఇబ్బందులు మొదలవుతాయి. పైగా మామూలు విండోస్ 10, 11 కంప్యూటర్‌ను షేర్‌గా వాడితే ఒకేసారి 20 కనెక్షన్లకే అనుమతి. అంతమంది వాడే స్థాయికి ఆఫీసు పెరిగితే, వారం వారం రిపేర్ తప్పనిసరి అయితే, డేటాను మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కు మార్చడం మంచిది. స్టాఫ్‌కు అలవాటైన ఫారాలు, రిపోర్టులు యాక్సెస్‌లోనే ఉంచుకుని, టేబుళ్లను మాత్రం అక్కడికి పంపి లింక్ చేయొచ్చు. ఫైల్ ఇప్పటికే విడగొట్టి ఉంటే ఈ మార్పు సులువు. లేకపోతే ముందు ఆ విడగొట్టే పనితోనే మొదలుపెట్టాలి, అదీ ఫీజుల సీజన్‌లో కాకుండా సెలవుల్లో.